తొమ్మిది పాటలు, పదహారు నిమిషాలు: ఓ పంక్ బ్యాండు తొలి ఆల్బం ఎలా తయారవుతుంది

"ఆల్బమంటే పెళ్ళి ఫొటోలదేగా?" ఇది మా అక్క అడిగిన మొదటి ప్రశ్న. రెండోది, "పంకంటే ఆ జుట్టు కటింగేనా?"

వాళ్ళబ్బాయి గుంటూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఇంకో ముగ్గురితో కలిసి పంక్ బ్యాండు పెట్టామనీ, ఆల్బం రికార్డు చేస్తున్నామనీ ఒక రాత్రి అన్నం తింటూ చెప్పాడట. చేయి కడుక్కోకముందే అక్క నాకు ఫోన్ కొట్టింది. ఒకప్పుడు పెళ్ళి ఆర్కెస్ట్రాలో మూడేళ్ళు గిటార్ వాయించాను కాబట్టి, మా ఇళ్ళలో సంగీతం మీద ఏ పంచాయితీ వచ్చినా పెద్దమనిషిని నేనే. తీరా చూస్తే ఆర్కెస్ట్రాలో నేర్చుకున్న సగం సంగతులు ఇక్కడ పనికిరాలేదు. ఆ పిల్లల వెంట తిరిగి, అడిగి, నాకు అర్థమైనంతవరకు విప్పి చెబుతాను.

జుట్టు సంగతి తర్వాత

పంక్ అనేది రాక్ సంగీతంలో ఒక పాయ. 1970ల నడిమిలో న్యూయార్కులో మొదలై, 1976-77లో బ్రిటన్‌లో ఊరూరా పాకింది. అప్పటి పేరున్న రాక్ బృందాలు పావుగంట పాటలు, పొడవాటి గిటార్ సోలోలు, స్టూడియోలో నెలల తరబడి పని, ఈ దారిలో ఉన్నాయి. కొత్తగా గిటార్ పట్టిన కుర్రాడికి అదంతా అందని ద్రాక్ష. అంత హంగు అక్కర్లేదు, వచ్చినదాంతోనే గట్టిగా, వేగంగా, రెండు నిమిషాల్లో చెప్పేసి దిగిపోదాం అన్నవాళ్ళే పంక్ వాళ్ళు.

న్యూయార్కు క్వీన్స్ కుర్రాళ్ళు 1974లో పెట్టిన రమోన్స్ బ్యాండునే చూడండి. 1976 ఫిబ్రవరిలో వారం రోజుల్లో రికార్డు చేసిన వాళ్ళ తొలి ఆల్బంలో 14 పాటలున్నాయి. అన్నీ కలిపి 29 నిమిషాలు. ఖర్చు సుమారు 6,400 డాలర్లు, అప్పటి లెక్కలో అది బాగా చవక. అదే ఏడాది డిసెంబరు 28న మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే బ్యాండు ఇంట్లోవాళ్ళ దగ్గర, స్నేహితుల దగ్గర 500 పౌండ్లు అప్పు తెచ్చి, ఒక్కరోజులో నాలుగు పాటలు రికార్డు చేసింది. సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ, పెట్టుకుని మొదట 1,000 రికార్డులు అచ్చు వేయించుకుంది. ఏ పాట ఎన్నో ప్రయత్నంలో కుదిరిందో అట్ట మీదే వేశారు. ఆ అట్ట ఫొటో చూసినప్పుడు నాకు పంక్ సగం అర్థమైంది. చేసిన విధానం దాచుకోవాల్సిన సంగతి కాదు, పాటతో పాటు చూపించాల్సినదే.

అందుకే ఈ మాట విన్నప్పుడు జనం తికమకపడతారు. పంక్ ఒక మోత, ఒక పద్ధతి కూడా. మోత అంటే వేగం, కరుకైన గిటార్, అరుపు. పద్ధతి అంటే ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా, ఎవరి పని వాళ్ళే చేసుకోవడం. మోత మాత్రమే తీసుకుని పద్ధతి వదిలేసిన బ్యాండ్లూ ఉన్నాయి, పద్ధతి తీసుకుని మెత్తగా పాడినవాళ్ళూ ఉన్నారు.

ఇదంతా మనకెందుకు, అరువు తెచ్చుకున్న చొక్కా అని ఒక వాదన ఉంది. గిటార్, డ్రమ్స్, ఆ కోపం తీరు అన్నీ పరాయివేనని. మరోవైపు ఈ పిల్లలు గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి, 1986లో పద్మశ్రీ అందుకున్న బుర్రకథ నాజర్ పేరు ఎత్తుతారు. ముగ్గురే మనుషులు, ఒక తంబురా, రెండు గుమ్మెటలు, వంతపాటగా "తందాన తాన", పక్కనున్న ఇద్దరిలో ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. తక్కువ మంది, ఎక్కువ మోత, జనం మధ్య నిలబడి దొరల్ని నిలదీయడం, ఇది మనకేం కొత్త అంటారు. పోలిక బాగానే ఉంది గానీ నేను పూర్తిగా ఒప్పుకోను. బుర్రకథ కళాకారుడు ఏళ్ళ తరబడి సాధన చేసి వేదిక ఎక్కేవాడు. పంక్ గొప్పగా చెప్పుకునేది సరిగ్గా దానికి తలకిందులు, రాకముందే ఎక్కేయమంటుంది.

ఆర్కెస్ట్రా వేరు, బ్యాండు వేరు

మనకి పాటంటే సినిమా పాట. అందులో రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఒకరు, పాడేవారు ఒకరు, వాయించేవాళ్ళు ఇంకెవరో. పెళ్ళి ఆర్కెస్ట్రా ఆ పాటని ఉన్నదున్నట్టు దించుతుంది. నేను వెళ్ళకపోతే నా బదులు ఇంకో గిటారిస్టు వచ్చేవాడు, పెళ్ళివారికి తేడా తెలిసేది కాదు. బ్యాండులో అలా కుదరదు. నలుగురూ కలిసి పాట కడతారు, వాళ్ళే వాయిస్తారు, వాళ్ళే పాడతారు. డ్రమ్మరు మారితే పాటే మారుతుంది.

ఈ నలుగురూ ఎక్కడ దొరికారో చూస్తే మన ఊళ్ళ సంగతి తెలుస్తుంది. డ్రమ్మరు కుర్రాడు గుంటూరులో ఒక చర్చిలో పదేళ్ళ వయసు నుంచి ఆదివారం ఆరాధనకి వాయిస్తున్నాడు. మా వైపు నిజమైన డ్రమ్ కిట్ మీద, నిజమైన బేస్ గిటార్ మీద చెయ్యి తిరిగిన కుర్రాళ్ళలో చాలామంది చర్చిల నుంచే వస్తారు. కిట్ అక్కడే ఉంటుంది, వారం వారం వాయించే పని ఉంటుంది, తప్పు వాయించినా తిట్టకుండా వినే జనం ఉంటారు. పాడేది విజయవాడ సత్యనారాయణపురం అమ్మాయి, చిన్నప్పుడు కర్ణాటక సంగీతం గీతాల దాకా నేర్చి మానేసింది. బేస్ వాయించేవాడు యూట్యూబు శిష్యుడు. మావాడు గిటార్.

తర్వాత సమస్య చోటు. డ్రమ్ కిట్ దగ్గర నిలబడి కొలిస్తే 100 డెసిబెల్స్ దాటడం మామూలే. అడ్డేమీ లేని బయట దూరం రెట్టింపైనప్పుడల్లా సుమారు 6 తగ్గుతుంది. అంటే మీటరు దూరంలో 106 ఉంటే రెండు మీటర్లకి 100, నాలుగుకి 94, ఎనిమిదికి 88, పదహారు మీటర్ల అవతల పక్కింటి వరండాలో 82. ఇళ్ళుండే చోట 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పగలు 55, రాత్రి పది తర్వాత 45 దాటకూడదు. డాబా మీద ప్రాక్టీసు మొదటిరోజే ఎందుకు ఆగిపోయిందో వేరే చెప్పక్కర్లేదు.

చివరికి బేస్ కుర్రాడి బాబాయి పనిచేసే షెడ్డు దొరికింది. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే చోటు, ఆదివారం సెలవు. డ్రమ్మరు పొద్దున ఆరాధన ముగించుకుని, తాళాలు, అంటే సింబల్స్, పాత దుప్పటిలో చుట్టుకుని బస్సెక్కి మధ్యాహ్నానికి చేరతాడు. నేను వెళ్ళినరోజు సీట్లు బిగించని బస్సొకటి నిలబెట్టి ఉంది. గిటార్ ఆంప్, అంటే గిటార్ శబ్దం పెంచే పెట్టె, బస్సులో పెట్టి, డ్రమ్స్ బయట పెట్టారు. రేకుల కప్పు ప్రతి దెబ్బకీ తిరిగి అరుస్తోంది. ఆ అమ్మాయి గొంతు ఎవరికీ వినపడటం లేదు, అయినా పాడుతూనే ఉంది.

స, ప ఉంటే చాలు

పంక్ గిటార్‌కి మూడు కార్డులు (కార్డంటే ఒకేసారి మోగించే స్వరాల గుత్తి) చాలని లోకోక్తి. 1977 ప్రాంతంలో ఒక బ్రిటిష్ అభిమాన పత్రిక మూడు కార్డుల బొమ్మలు వేసి, ఇక వెళ్ళి బ్యాండు పెట్టుకోండని రాసింది. అయితే పంక్‌లో ఎక్కువగా వాయించేది పూర్తి కార్డు కాదు, పవర్ కార్డు.

మామూలు కార్డులో మూడు స్వరాలుంటాయి, మన లెక్కలో స, గ, ప. అంతర గాంధారం పడితే మేజర్, సాధారణ గాంధారం పడితే మైనర్. పవర్ కార్డులో ఆ గ తీసేస్తారు. మిగిలేవి స, ప, పై స. తంబురా మీటితే వినపడేవి కూడా ఇవే కదా అని నేనంటే, పాడే అమ్మాయి ఒక్కసారి ఆగి, "అందుకేనా అంకుల్ నాకు శ్రుతి దొరికినట్టే ఉంటుంది" అంది.

గాంధారం ఎందుకు తీస్తారంటే, డిస్టార్షన్ వల్ల. ఆంప్‌ని పరిమితి దాటించి శబ్దాన్ని నలగ్గొడితే లేని స్వరాలు అదనంగా పుడతాయి. స, ప మధ్య కంపన నిష్పత్తి దాదాపు 2:3, చాలా సులువైన లెక్క. పుట్టే అదనపు స్వరాలు వీటికే ఒదుగుతాయి. గ కలిస్తే ఆ కొత్త స్వరాలు ఒకదానికొకటి పడక మడ్డిగా వినిపిస్తుంది. కాబట్టి కార్డు తేలిక కావడం అనుకోని లాభం, అసలు కారణం ఆ మోతలో కూడా స్వరం తేటగా నిలవడం.

ఎనిమిది దెబ్బల్లో తెలుగు

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, కాస్త ఎక్కువ సేపు నిలుస్తాను.

వాళ్ళ పాటల వేగం నిమిషానికి 180 బీట్లు. నాలుగు బీట్లు ఒక బార్, అంటే 1.33 సెకన్లు. గిటార్ ఆ బార్‌లో ఎనిమిది దెబ్బలు కొడుతుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య సెకనులో ఆరో వంతు. ఒక దెబ్బని ఒక లఘువు అనుకుంటే ఒక బార్‌కి ఎనిమిది మాత్రలు. గురువుకి రెండు, లఘువుకి ఒకటి, బళ్ళో గణాలు గుర్తుపట్టిన లెక్కే.

వాళ్ళ మొదటి పల్లవి "కరెంటు పోయింది, కాలేజీ ఉంది" అని రాసుకున్నారు. పాడితే నోరు తిరగడం లేదు. లెక్క వేస్తే ఎందుకో తెలిసింది. క-రెం-టు నాలుగు మాత్రలు, పో-యిం-ది ఐదు, మొత్తం తొమ్మిది. "కాలేజీ ఉంది" కూడా తొమ్మిదే. బార్‌కి ఒక్కో మాత్ర పొర్లిపోతోంది. "కరెంటు లేదు" అని మార్చారు, ఏడు. రెండోదాన్ని మనం ఇంట్లో అనుకునేట్టే "కాలేజుంది" అన్నారు, కా రెండు, లే రెండు, జుం రెండు, ది ఒకటి, అదీ ఏడు. ఎనిమిదో దెబ్బ ఖాళీ, ఊపిరి పీల్చుకోవడానికి. పుస్తకంలో మాట పట్టలేదు, నోట్లో మాట పట్టింది.

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి సాగదీసి పాడే సంగీతానికే సరిపోతుందని, తెగ్గొట్టి అరిచే పంక్‌కి కుదరదని కొందరంటారు. అందులో కొంత నిజం ఉంది. హల్లుతో ఠక్కున ఆగే ఇంగ్లీషు మాటల కొట్టుడు మనకి రాదు. కానీ మనకి "పో", "రా", "ఆపు", "చాలు" లాంటి పొట్టి మాటలున్నాయి, చివరి ఉకారాన్ని దాదాపు మింగేసి పలికే అలవాటూ ఉంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో సరుకు అమ్మేవాడి కేక విన్నవారెవరూ తెలుగుకి పదును లేదనరు.

అందరూ కలిసి వాయించాలా, ఒక్కొక్కరుగానా

రికార్డింగు దగ్గరికి వచ్చేసరికి మొదట మాటలే అడ్డం పడ్డాయి. స్టూడియో ఇంజనీరు "ట్రాక్ తెచ్చారా?" అన్నాడు. మన స్టూడియోల్లో ఎక్కువగా జరిగేవి భక్తి పాటలు, క్రైస్తవ గీతాలు, జానపదాలు, ఎన్నికలప్పుడు ప్రచార పాటలు. అక్కడ ట్రాక్ అంటే కీబోర్డు మీద ముందే చేసుకున్న సంగీతం, దాని మీద గొంతు పాడి వెళ్ళడమే. సినిమా వాళ్ళకి ట్రాక్ పాడటమంటే అసలు గాయకుడు వచ్చేదాకా ఇంకొకరు నమూనాగా పాడటం. బ్యాండు వాళ్ళకి ట్రాక్ అంటే ఒక్కో మైకు పట్టిన ఒక్కో పొర. ఈ మూడు అర్థాలు తేలేసరికి అరగంట పోయింది. ఆ తర్వాత తెలిసింది, ఆ స్టూడియోలో గొంతు గది తప్ప డ్రమ్స్ పట్టే గదే లేదని. మళ్ళీ షెడ్డుకే వచ్చారు.

ఇక్కడ రెండు దారులు. మొదటిది లైవ్, నలుగురూ ఒకేసారి వాయిస్తారు. వీళ్ళు ఎనిమిది మైకుల శబ్దాన్ని కంప్యూటరులోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ అద్దెకి తెచ్చారు. డ్రమ్స్‌కి నాలుగు, గిటార్ ఆంప్‌కి ఒకటి, బేస్ వైరు నేరుగా ఒకటి, గొంతుకి ఒకటి, గది మోతకి దూరంగా ఒకటి. మైకులు మాత్రం డ్రమ్మరు వాళ్ళ చర్చివి, అడిగి తెచ్చుకున్నవి. చిక్కేంటంటే ఒకరి మైకులోకి పక్కవాడి మోత దూరుతుంది, దాన్ని బ్లీడ్ అంటారు. గిటార్ తప్పు వాయిస్తే గిటార్ ఒక్కటే మార్చలేరు, ఆ తప్పు డ్రమ్స్ మైకులో కూడా ఉంటుంది.

రెండోది పొరలు పొరలుగా. చెవిలో క్లిక్, అంటే తాళం తప్పకుండా టిక్ టిక్ కొట్టే శబ్దం పెట్టుకుని, ముందు డ్రమ్స్, తర్వాత బేస్, గిటార్, చివర గొంతు. దేన్నైనా మార్చొచ్చు, అతికించొచ్చు.

తేడా ఎంతో లెక్కలో చూద్దాం. క్లిక్ లేకుండా వాయిస్తే ఊపు మీద వేగం పెరుగుతుంది. పాట 180తో మొదలై చివరికి 188కి చేరిందనుకోండి. ఎనిమిది బార్ల పల్లవి మొదట్లో 10.67 సెకన్లు, చివర్లో 10.21. దాదాపు అర సెకను తేడా. చివరి పల్లవి పాడైతే మొదటి పల్లవి కోసి అక్కడ అతికించడం కుదరదు.

క్లిక్ వైపు మాట్లాడేవాళ్ళ మాట కొట్టేసేది కాదు. తొలి ఆల్బం ఒక్కసారే వస్తుంది, పదేళ్ళ తర్వాత విన్నా సిగ్గుపడకుండా ఉండాలంటే శుభ్రంగా ఉండాలి, విడిగా వాయిస్తే ఎవరి లోపం వాళ్ళకి తెలుస్తుంది అంటారు. లైవ్ వైపువాళ్ళు, ఆ వేగం పెరగడమే పాట అంటారు. డ్రమ్మరు ముందుకు తోసుకెళ్తుంటే మిగతావాళ్ళు పరిగెత్తడం వినపడుతుంది, దాన్ని సరిచేస్తే మిగిలేది లెక్క మాత్రమే అని. వీళ్ళు మధ్యే మార్గం పట్టారు. వాయిద్యాలు ముగ్గురూ కలిసి, క్లిక్ లేకుండా, పాటకి నాలుగైదు ప్రయత్నాలకు మించకుండా. గొంతు మాత్రం తర్వాత, ఆ సీట్లు లేని బస్సులో అద్దాలకి పరుపులు ఆనించి.

నాకైతే నాలుగో పాటలో డ్రమ్మరు ఒకచోట దెబ్బ తప్పి, వెంటనే అందుకున్న చోటు అన్నిటికంటే బాగుంది. తీసేయమని మావాడు, ఉంచమని ఆ అమ్మాయి. ఉంచారు.

పదహారు నిమిషాలు ఆల్బం అవుతుందా

వాళ్ళ పాటలు సగటున 80 బార్లు. 180 వేగంలో 106.67 సెకన్లు, అంటే 1 నిమిషం 47 సెకన్లు. తొమ్మిది పాటలు కలిపితే సరిగ్గా పదహారు నిమిషాలు. ఇది ఆల్బమేనా అని అక్క కాదు, పంక్ తెలిసినవాళ్ళే అడిగారు. ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫై, ఆపిల్ లాంటి వేదికల వర్గీకరణలో ఏడు గానీ అంతకు మించి గానీ పాటలుంటే, లేదా మొత్తం అరగంట దాటితే ఆల్బం. నాలుగు నుంచి ఆరు పాటలుండి అరగంట లోపైతే ఈపీ, అంటే పొట్టి ఆల్బం. ఆ లెక్కన ఇది ఆల్బమే.

రికార్డు చేశాక మిక్సింగు, మాస్టరింగు అని రెండు పనులు. పొరలన్నిటినీ కొలతగా కలపడం మిక్సింగు. తొమ్మిది పాటలూ ఒకే ఇంటివాళ్ళలా వినపడేట్టు చివరి మెరుగు పెట్టడం మాస్టరింగు. ఇక్కడ కుర్రాళ్ళందరూ చేసే పొరపాటు వీళ్ళూ చేశారు, వీలైనంత బిగ్గరగా పెట్టేశారు. స్పాటిఫై మామూలుగా పాటల సగటు బిగ్గరతనాన్ని, దాన్ని కొలిచే లెక్కలో, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గరికి తెస్తుంది. మీరు అంతకంటే బిగ్గరగా, మైనస్ 8 దగ్గర ఇస్తే అది 6 డెసిబెల్స్ తగ్గించేస్తుంది. బిగ్గర పోతుంది, దానికోసం నలగ్గొట్టిన డ్రమ్స్ మాత్రం నలిగే ఉంటాయి.

పాట ఎవరిది

మన కాపీరైటు చట్టంలో, 1957 నాటిది, ఒక రికార్డు చేసిన పాటలో మూడు వేర్వేరు ఆస్తులుంటాయి. మాటలు రాసినవారివి. బాణీ కట్టినవారిది. రికార్డింగు నిర్మాతది, అంటే దాన్ని చేయించే చొరవ, బాధ్యత తీసుకున్నవారిది. రికార్డింగు హక్కు 60 ఏళ్ళు. వీటికి తోడు వాయించినవాళ్ళకి ప్రదర్శకుల హక్కు వేరే ఉంది, అది 50 ఏళ్ళు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టగానే హక్కు పుడుతుంది.

ఎవరైనా వచ్చి హక్కులు రాసివ్వమంటే అది కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశానికే అని చట్టం అనుకుంటుంది. పాత సినిమా పాట ఒకటి పంక్‌లో చేద్దామని మావాడికి సరదా పుట్టింది. యూట్యూబులో అందరూ కవర్ సాంగ్ అంటున్నారుగా అన్నాడు. చట్టంలో కవర్ అంటే వేరు. మొదటి రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్ళు ఆగాలి, ముందుగా తెలియజేయాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. హక్కుదారుతో నేరుగా మాట్లాడుకోవడం ఇంకో దారి. సరదా అక్కడే ఆగింది.

అసలు చిక్కు నలుగురి మధ్యే. ఒక పాటకి మాటలు ఆ అమ్మాయివి, గిటార్ వరస మావాడిది, దానికి మలుపు ఇచ్చింది బేస్ కుర్రాడు. డ్రమ్మరు కట్టిన నడకకి బాణీలో వాటా ఉందా? మూడు వేల రూపాయలు వచ్చాయనుకుందాం. సమానంగా పంచితే తలా 750. ఎవరు చేసిన పనికి వాళ్ళకి అంటే మాటలకి సగం, 1,500 ఆ అమ్మాయికి, మిగతా సగం ఇద్దరికీ చెరో 750, డ్రమ్మరుకి సున్నా. సమానం అనేవాళ్ళ వాదన, ఎవరు లేకపోయినా పాట ఇలా ఉండేది కాదని. వేర్వేరు అనేవాళ్ళ వాదన, రాత్రంతా కూర్చుని రాసినవారికీ, వచ్చి వాయించి వెళ్ళినవారికీ ఒకే లెక్క ఏం న్యాయమని. రెండూ లోకంలో నడుస్తున్న పద్ధతులే. ఏదైనా సరే, డబ్బు రాకముందే కాగితం మీద పెట్టుకున్నవాళ్ళకి గొడవ తక్కువ.

వచ్చే డబ్బు మీద భ్రమలు అక్కర్లేదు. 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్. ఆ లెక్కన నాలుగు నిమిషాల పాటలైతే పదహారు నిమిషాల్లో నాలుగు స్ట్రీములు, వీళ్ళ పాటలైతే తొమ్మిది. పొట్టి పాటకి ఇదొక చిన్న లాభం. అయితే 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీములు రాకపోతే ఏమీ రాదు.

డ్రమ్మరుకి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు బ్రాడీపేటలో ఒక టీ బండి దగ్గర నలుగురూ కలిశారు, నన్ను సాక్షిగా పిలిచారు. తెల్లకాగితం మీద తొమ్మిది పాటల పేర్లు, ప్రతిదానికీ ఎదురుగా నాలుగు పేర్లు, పాతిక శాతం చొప్పున. సంతకాలయ్యాక డ్రమ్మరు లేచి సంచి సర్దుకున్నాడు.

"ఆ మైకులు తెచ్చావారా?" అన్నాడు మావాడితో. "క్రిస్మస్ ప్రాక్టీసు సోమవారం నుంచి. పాస్టరు గారు రెండుసార్లు అడిగారు."